బొల్లి మేక పాలు తాగిన కుక్క

మొన్న యూనివర్సిటీలో ఒక సభ జరిగింది. నన్నెవరూ పిలవలేదు. పొద్దున నడకకు పోతూ గేటు పక్కన కట్టిన బ్యానరు చదివాను, అంతే. ఎక్కడ ఏది రాసి ఉన్నా ఆగి చదవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. మందు డబ్బా మీది సన్నక్షరాలు కూడా వదలను. జీవాల పెంపకం మీద ఎవరో పెద్దాయన ప్రసంగం, అందరూ ఆహ్వానితులే అని ఉంది. అందరిలో నేనూ ఉన్నాను కదా అనుకుని, హబ్సిగూడలో రెండు ఇడ్లీలు తిని, ఉతికిన చొక్కా తొడుక్కుని పోయి వెనక వరుసలో కూర్చున్నాను.

చల్లటి హాలు. తెర మీద పచ్చటి కొండలు, ఆ కొండల మీద మేకలు, వాటి మధ్యన గడ్డివాములా ఒక తెల్లటి బొచ్చుకుక్క. ఎక్కడో వేరే ఊరి నుంచి వచ్చిన ఆ పెద్దాయన నెమ్మదిగా, అందంగా చెప్పుకొస్తున్నాడు. ఈ కుక్కను కళ్ళు తెరిచిన కొద్ది రోజులకే మేకల్లో వదలాలట. మనుషులు దగ్గరికి తీయకూడదట. అప్పుడే అది మేకల్ని తన వాళ్ళనుకుని కాస్తుందట. మన దగ్గర ఇలాంటి పద్ధతి లేదు కాబట్టి మనం కొత్తగా నేర్చుకోవాలట.

నా కాళ్ళు వాటంతట అవే లేచాయి.

"అయ్యా, గిది కొత్త గాదు. గీ హాలు వెనక బండల కాడ మా తాత గిదే చేసిండు. నేను కండ్లతోని చూసిన."

ఆయన మర్యాదస్తుడు. నవ్వలేదు. "వెరీ ఇంట్రెస్టింగ్ సర్. దాని మీద డాక్యుమెంటేషన్ ఏమన్నా ఉందా?" అని అడిగాడు. ముందు వరుసలో ఒక అమ్మాయి వెనక్కి తిరిగి నన్ను జాలిగా చూసింది. మళ్ళీ కూర్చున్నాను. చెప్పాల్సిన జవాబులన్నీ తార్నాక చౌరస్తాలో, మెట్రో కింద రోడ్డు దాటడానికి నిలబడ్డప్పుడు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏం లాభం? సిగ్నలుకు చెప్పుకోవాలి.

డాక్యుమెంటేషనట! గొంగడి భుజాన వేసుకుని, వానలో తడిసి, నోట్లో చుట్ట ఆరిపోతే మళ్ళీ ముట్టించుకునే మనిషి తను చేసిన పనికి కాగితం రాసిపెట్టుకుంటాడా? మా తాతకు వేలిముద్ర వేయడానికే బొటనవేలి మీద గీతలు మిగల్లేదు, తాళ్ళు పేని పేని అరిగిపోయాయి. సరే, రాయడం నాకొచ్చింది కదా. నేనే రాస్తున్నాను.

అప్పుడు తార్నాక అంటే మామిడి తోటల అంచు. తోటలు అయిపోయిన చోట బండలు మొదలయ్యేవి. పడుకున్న బర్రెల్లాంటి నల్లటి బండలు. వాటి సందుల్లో సీతాఫలం పొదలు, తుమ్మలు, తంగేడు. ఆ బండల మీదుగా చూస్తే దూరంగా రాతి కాలేజీ కొసలు, ఇటు పక్కన హాస్టలు వరండా. యూనివర్సిటీ స్థలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మేకలకు తెలియదు, మాకూ తెలియదు. ఇప్పుడు అదే నేల మీద పొద్దున నడవడానికి నా ఫొటో అంటించిన కార్డు మెడలో వేసుకుని పోతున్నాను. మేకలు అదృష్టం చేసుకున్నాయి, ఫొటో దిగకుండానే పోయాయి.

అమ్మా నాయినా పొద్దున్నే వారాసిగూడ వైపు ఇళ్ళు కట్టే పనికి పోయేవాళ్ళు. నేను తాత దగ్గరా, అవ్వ దగ్గరా ఉండేవాణ్ణి. మాది బండకు ఆనించి వేసిన గుడిసె. గుడిసె ముందు తుమ్మకంప నాటిన మేకల దొడ్డి. నలభై దాకా మేకలుండేవి. ఇప్పటికీ మొదటి వాన పడ్డప్పుడు అందరూ మట్టి వాసన అంటారు. నాకు మాత్రం తడిసిన గొంగడి వాసన వస్తుంది, దాని వెనక మేకపోతు ఘాటు, దాని వెనక పొగచూరిన కుండలో ఉడుకుతున్న మక్కజొన్న గట్క వాసన. అవ్వ గట్కను పళ్ళెంలో కుప్పగా పోసి, నడుమ వేలితో గుంత చేసి, ఆ గుంత నిండా పచ్చిపులుసు పోసేది. కట్ట తెగకుండా తినడం మాకు ఆట. మేక ఈనిన నాలుగు రోజులు జున్ను. సీతాఫలాలు పండకముందే కోసుకొచ్చి నిప్పుల్లో పెడితే, తొక్క నల్లబడి, లోపల వేడి వేడి వెన్న.

ఆ చలికాలం ఒకనాటి పొద్దున తాత ఉప్పల్ అవతల ఎవరో మందల మనిషిని కలిసి తిరిగి వచ్చాడు. గొంగడి మడత విప్పి కింద పెట్టాడు. పిడికెడంత కుక్కపిల్ల. మబ్బు రంగు. కళ్ళు అప్పుడే విచ్చుకుంటున్నాయి, రెండు గీతల్లాగా.

అదే రోజు బొల్లి మేక పిల్ల చనిపోయింది. బొల్లి అంటే నల్లటి ఒంటి మీద తెల్లటి మచ్చలున్న మేక, మా మందకు పెద్దది, మహా కోపిష్టిది. తాత చనిపోయిన పిల్లను తుడిచిన గుడ్డతోనే కుక్కపిల్లను తల నుంచి తోక దాకా రుద్దాడు. రుద్ది, బొల్లి పొదుగు కింద పెట్టాడు. బొల్లి ఎగిరి తన్నింది. కుక్కపిల్ల దొర్లుకుంటూ పోయి కంపకు తగిలింది. తాత మళ్ళీ తెచ్చి పెట్టాడు. ఈసారి బొల్లి మెడ తిప్పి దాని వీపు వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడింది.

"థూ, కలికాలం," అంది అవ్వ, నవ్వాపుకోలేక. "కుక్కకు మేక తల్లాయె. ఇగ రేపటి సంది మేకలు మొరుగుతయి, ఇది ఆకులు మేస్తది."

సగం నిజమే అయింది. అది మేకపిల్లలతో పాటు బండలెక్కబోయి జారిపడేది. వాటితో తలకు తల ఢీకొనేది. కొన్నాళ్ళు నిజంగానే తుమ్మాకు నోట్లో పెట్టుకుని నమిలి, ఇదేం తిండి అన్నట్టు మొహం పెట్టి ఉమ్మేది.

కుక్కపిల్లను తెచ్చిన పొద్దే తాత అవ్వనూ నన్నూ నిలబెట్టి చెప్పాడు. "ఇనుర్రి. దాన్ని ముట్టద్దు. చేతితోని పెట్టద్దు. పేరు పెట్టి పిలువద్దు. మనిషి చెయ్యి మరిగిందంటె మేకల్ని ఇడుస్తది. గది మన కుక్క గాదు, మేకల కుక్క."

అవ్వ ఆ మాట ఎంత పట్టుగా పాటించిందంటే, గట్కలో మేకపాలు కలిపి పగిలిన కుండ పెంకులో పోసి దొడ్లో పెట్టేటప్పుడు, మామ ఎదురైతే కోడలు తప్పుకున్నట్టు కొంగు కప్పుకుని మొహం పక్కకు తిప్పుకునేది. నాకు అది చూస్తే నవ్వొచ్చేది. ఇప్పుడు మా కాలనీలో కుక్కలకు స్వెటర్లు తొడిగి, కేకులు కోసి, తమ పిల్లలకన్నా ఎక్కువ పేర్లతో పిలుస్తుంటారు. వాళ్ళను చూస్తే అవ్వ కొంగే గుర్తొస్తుంది. ఆమెకు ఆ కుక్క అంటే గౌరవం. గౌరవానికి ముద్దులతో పనిలేదు.

నాకంత గౌరవం లేదు. నాకు దోస్తు కావాలి. అంతంత పొడుగు పగళ్ళు. బండలూ మేకలూ నేనూ. ఒక మధ్యాహ్నం తాత కునుకు తీస్తుంటే కంప సందులోంచి వేలు పెట్టాను. వేలికి బెల్లం పూసి ఉంది. చిన్న గరుకు నాలుక. ఆ చక్కిలిగింత వేలి నుంచి మోచేతి దాకా, అక్కడి నుంచి చెవుల దాకా పాకింది. అంతే. మర్నాటి నుంచి లాగు జేబులో ఎప్పుడూ ఒక బెల్లం ముక్క. దానికో పేరు కూడా పెట్టాను, గుసగుసగా పిలవడానికి మాత్రమే. ఆ పేరు ఇక్కడ రాయను.

ఎండాకాలం గడిచేసరికి అది నా మోకాలు దాటింది. వానలు మొదలయ్యేసరికి నడుము దాకా వచ్చింది. తాత చూసినంతసేపూ మేకల కుక్కే. మంద కన్నా ముందు పోయి పొదలు వాసన చూసేది, మేకలు నెమరేస్తుంటే ఎత్తు బండ మీద కూర్చునేది. తాత అటు తిరిగితే నాది.

ఇక హాస్టలులో ఉండే అన్న సంగతి. ఆ వరండాలో చివరి గది ఆయనది. ఏదో దూరపు ఊరి నుంచి వచ్చి చదువుకునేవాడు, సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు. మేకపాలు తాగితే ఛాతీకి మంచిదని ఎవరో చెప్పారట. అవ్వ రోజూ ఒక చెంబుడు పాలు నాతో పంపేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆయన పుస్తకంలోంచి ఏదో కథ పైకి చదువుకుంటున్నాడు. అయిపోయేదాకా నిలబడి విన్నాను. తర్వాత అడిగాను.

"అన్నా, గీ కత రేపు గూడ గిట్లనే ఉంటదా?"

"అంటే?"

"మా అవ్వ చెప్తె రోజుకో తీరు ఉంటది. నిన్న రాజు సచ్చిండు, ఇయ్యాల రాజుకు పెండ్లి."

ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఇది గట్ల మారదురా. రేపు గూడ గిట్లనే ఉంటది. నువ్వూ నేనూ పోయినంక గూడ గిట్లనే ఉంటది."

ఆ మాట నన్ను పట్టుకుంది. మారకుండా ఉండేది ఒకటి లోకంలో ఉందన్నమాట. మర్నాటి నుంచి వరండా వెనక చదును బండ మీద బొగ్గుతో అక్షరాలు మొదలయ్యాయి. బండే పలక. రాత్రి వాన పడి తుడిచేసేది, పొద్దున మళ్ళీ కొత్త పలక. నేను బడి గడప తొక్కలేదు. ఆ మాట ఎప్పుడన్నా అంటే కొందరు అయ్యో అంటారు. నా బడికి గడపే లేదు, ఏం తొక్కాలి?

మధ్యాహ్నం మేకలు నీడకు చేరి నెమరేసే వేళ నేను హాస్టలుకు ఉరికేవాణ్ణి. ఉరికితే నా వెనకే అది. అన్న అక్షరం చెబుతుంటే నా పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేది. నాకెంత గర్వమో. యూనివర్సిటీలో చదివే కొడుకులెవరికీ అలాంటి కుక్క లేదు.

ముసురు పట్టింది. నాలుగో రోజు. ఆకాశానికీ బండలకూ మధ్య తేడా లేదు, అంతా ఒకటే బూడిద రంగు నీళ్ళు. తాత కత్తి తీసుకుని లేచాడు. "తడి గడ్డి తింటె మేకలు కడుపు చెడి పారుకుంటయి. నేను పోయి తుమ్మకొమ్మలు కొట్టుకొస్త. కుక్క ఉన్నది, నువ్వున్నవు. జర పైలం."

తాత కనుమరుగవగానే నేను హాస్టలు దారి పట్టాను. ఆ రోజు ఒత్తులు నేర్పుతానన్నాడు అన్న. కుక్క నా వెనకే వచ్చింది.

వరండా చూరు నుంచి నీళ్ళు దారాల్లా కారుతున్నాయి. నేను కకు క ఒత్తు దిద్దుతున్నాను. ఉన్నట్టుండి నా పాదాల మీది బరువు లేచిపోయింది. అది నిలబడింది. చెవులు నిక్కి బండల వైపు ఉన్నాయి. ఒళ్ళంతా బిగుసుకుంది. ఒకసారి బండల వైపు చూసింది, ఒకసారి నా వైపు.

"కూసో," అన్నాను. జేబులోంచి బెల్లం తీసి చూపించాను.

అది కూర్చుంది.

కాసేపటికి వానలోంచి తాత కేక వినిపించింది. "హో... హో..." తోడేలును తరిమే కేక అది. నేను బొగ్గు పారేసి పరుగెత్తాను. కుక్క నన్ను దాటి బాణంలా పోయింది. నాకు మాత్రం అంత భయంలోనూ ఒక దొంగ తెలివి పుట్టింది. తిన్నగా పోకుండా తోట వైపు నుంచి చుట్టు తిరిగి, అప్పుడే అటు నుంచి వస్తున్నట్టు వచ్చాను.

రెండు పిల్లలు పోయాయి. ఒకటి బొల్లిది, ఆ వానకాలమే ఈనింది. బొల్లి ఎత్తు బండ మీద నిలబడి పిలుస్తూనే ఉంది. గొంతు బొంగురుపోయినా పిలుస్తూనే ఉంది. బండ మీద పడ్డ ఎరుపును వాన కడుగుతోంది. కుక్క అటూ ఇటూ నేల వాసన చూస్తూ, మూలుగుతూ, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని తిరుగుతోంది.

"హాస్టలు దిక్కు సంది ఉరికొచ్చింది," అన్నాడు తాత అవ్వతో. "హాస్టలోళ్ళు పారేసే బొక్కలకు మరిగింది. ఇగ ఇది పనికి రాదు. ముషీరాబాదుల కట్టెల అడ్డాయన కుక్క గావాలన్నడు, గొలుసుకు కట్టుకుంటడట. ఐతారం పోయి ఇచ్చొస్త."

గొలుసు అన్న మాట విన్నాను. అయినా నోరు విప్పలేదు. చెబితే దెబ్బలు. అంతకన్నా ఎక్కువగా, చెబితే హాస్టలు బంద్. ఒత్తులు సగంలో ఉన్నాయి. రెండు రోజులు గట్క ముద్ద మింగుడుపడలేదు. అవ్వ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "జరం లేదు. దయ్యం గూడ లేదు. మరేందిరా నీ బాధ?" అంది. దొడ్లో కుక్క ఎవరికీ దగ్గర కాకుండా ఒక మూల పడుకుంది. బొల్లి దాన్ని రానివ్వడం లేదు.

శనివారం పొద్దున తాత గుడిసె ముందు కూర్చుని తాడు పేనుతున్నాడు. ఆ తాడు దాని మెడకే.

"తాతా," అన్నాను. "అది బొక్కలకు పోలె. నా ఎంబడి వచ్చింది."

తాడు పేనుతూనే ఉన్నాడు. "ఎన్నొద్దుల సంది?"

"సలికాలం సంది."

"చేతితోని పెట్టినవా?"

"పెట్టిన."

"పేరు?"

నేను తల ఊపాను.

"ఆ పొద్దు, తోడేలు వచ్చినప్పుడు, అది లేసిందా?"

అది అడుగుతాడనుకోలేదు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను కానీ వేరే మాట వచ్చింది. "లేసింది. నేనే కూసోబెట్టిన."

తాత చేతులు ఆగాయి. కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను.

"అయితె కుక్క మంచిదే," అన్నాడు తాత.

అవ్వ గుడిసెలోంచి తల బయటపెట్టింది. "పోరగాడు ఒప్పుకున్నడు గద. ఇగ ఉంచరాదు కుక్కను."

"ఉంచుడు నా చేతుల లేదే. మరిగించినోడు వీడు, ఇడిపియ్యాల్సినోడు గూడ వీడే." నా వైపు తిరిగాడు. "దసర దాక ఆగి చూస్త. నువ్వు దాని మొకం చూడద్దు. పిలువద్దు. తరుమద్దు. కొట్టినా తిట్టినా గది గూడ నీ పలకరింపే అనుకుంటది. అది ఎనక వస్తె తిరిగి చూడద్దు. ఒక్కపారి నీ ఎంబడి హాస్టలు దాక వచ్చిందంటె, ముషీరాబాదే."

"నేను హాస్టలుకు పోనే పోను తాతా."

"పోవాలె. రోజూ పోవాలె. నువ్వు ఇంట్ల కూసుంటె దానికేం తెలుస్తది? నువ్వు పోతుంటె అది ఉండుడు నేర్వాలె." తాడు పక్కన పెట్టి అన్నాడు. "నువ్వు పోయెటోనివి. అది ఉండెటిది."

ఆ మాట అప్పుడు నాకు శాపంలా వినిపించింది.

అవ్వ తన వంతు పని చేసింది. "వీని ఒంటి మీద మేక వాసన ఉన్నంత సేపు అది వీన్ని గూడ మేకనే అనుకుంటది. దాని తప్పు లేదు, తెలివి గూడ గంతే ఉన్నది వీనికి," అని, అన్న దగ్గర అరిగిపోయిన వాసన సబ్బు ముక్క అడిగి తెప్పించి, బావి దగ్గర నా చర్మం ఊడేలా రుద్దింది. మల్లెపూల వాసనతో దొడ్లోకి పోతే మేకలు ముక్కులు చీదుకుంటూ ఒక మూలకు పరుగెత్తాయి. మేకపోతు నన్ను కొమ్ములతో ఎత్తబోయింది. అంత దుఃఖంలోనూ అవ్వ కూర్చుని నవ్వింది.

ఆ మధ్యాహ్నపు నడకలు మొదలయ్యాయి. నేను నడిచేవాణ్ణి. తాత బండ మీద కూర్చుని చూసేవాడు. అన్న వరండాలో నిలబడి ఉండేవాడు. ఆయనకు అంతా చెప్పాను. తన పాల వల్లే పిల్లలు పోయాయని ఆయన రెండు రోజులు పాలు ముట్టలేదు. అవ్వ తిట్టి తాగించింది. నేను వెనక్కి చూడకూడదు కాబట్టి నా వీపు వెనక లోకానికి ఆయనే కళ్ళు.

"అన్నా, ఏడున్నది?"

"తుమ్మచెట్టు దాటింది. నువ్వు నడువు."

"ఇప్పుడు?"

"సీతాఫలాల కాడ ఆగింది. నిన్నే చూస్తున్నది. నడువురా, నడువు."

కొన్ని రోజులు సీతాఫలాల దాకా వచ్చేది, కొన్ని రోజులు దాటేది. దాని అడుగులు నాకు వినిపించేవి. తడి ఆకుల మీద మెత్తటి నాలుగు కాళ్ళ చప్పుడు. నా వీపు మీద దాని చూపు ఎండలాగా తగిలేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజులన్నీ ఒకే మధ్యాహ్నంలా ఉంటాయి. వాన వెలిసి, బండల మీంచి ఆవిరి లేస్తూ, తంగేడు పచ్చగా పూసి, ఆ నడుమ ఎంత నడిచినా వరండా దగ్గరకు రాని దారి.

ఒక రోజు అది నా వెనక రాలేదు. చుట్టు తిరిగి ఎదురుగా వచ్చింది. దారికి అడ్డంగా నిలబడి తోక ఊపింది. ఏం తప్పు చేశానని అడుగుతున్నట్టు తల ఒక పక్కకు వంచింది. నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకునే నడిచాను. నాలుగు అడుగుల్లో రాయి తగిలి బోర్లా పడ్డాను. మోకాలు చీరుకుపోయింది.

గరుకు నాలుక మోకాలికి తగిలింది.

మొహం బురదలో పెట్టుకుని కదలకుండా ఉన్నాను. ఊపిరి బిగబట్టాను. అది నాకుతోంది. మెడ కింద ముక్కు పెట్టి లేపుతోంది. చెయ్యి ఒక్క జానెడు చాపితే దాని చెవి. వరండా ఇంకా ఇరవై అడుగులుంటుంది. నేను లేచి నడిస్తే అది నాతోనే వస్తుంది, వస్తే గొలుసు. లేవకపోతే నాకుతూనే ఉంటుంది. బురద నోట్లోకి పోతోంది, మింగాను.

అప్పుడు బండల మీద బొల్లి ముక్కుతో గట్టిగా చీదింది. గిట్టతో బండను కొట్టింది. మందలో ఏ మేకకైనా ఏదన్నా కనబడితే చేసే చప్పుడది. నాలుక ఆగిపోయింది. నా వీపు మీద దాని ఊపిరి ఒకటి, రెండు, మూడు. ఆ రోజు కూసో అని ఆపినవాడు ఈ రోజు బురదలో నోరు మూసుకుని ఉన్నాడు.

నాలుగు కాళ్ళూ నేలను గీరి ఎగిరాయి. అంత గట్టిగా అది మొరగడం అంతకు ముందెప్పుడూ వినలేదు. ఆ పొదల్లో ఏముందో, తోడేలో, నక్కో, ఎవరిదో పందో, ఈ రోజు వరకూ తెలియదు. మొరుగుడు దూరమై, మళ్ళీ దగ్గరై, ఆగిపోయింది. తల ఎత్తకుండానే అడిగాను.

"అన్నా, ఏడున్నది?"

"మేకల నడుమ ఉన్నదిరా. బొల్లి పక్కన కూసున్నది."

ఆ రోజు కూడా ఒత్తులు దిద్దాను. బొగ్గు మీద బురద, బురద మీద కన్నీళ్ళు, ఒక్క అక్షరం కుదురుగా రాలేదు. అన్న కోప్పడలేదు. దసరాకు తాత ఏమీ ప్రకటించలేదు. పేనిన తాడుతో బావికి బొక్కెన కట్టాడు, అంతే.

తర్వాత అది నా దిక్కు రాలేదు. దొడ్లోకి నేను పోతే, ఉన్న చోటనే కళ్ళు తెరిచి, మనిషే కదా అని మళ్ళీ మూసుకునేది. కొన్నేళ్ళు అలా కాసింది. ఆ తర్వాత మా మందలోంచి ఒక్క పిల్ల కూడా పోలేదు. తాత ఆ మాట ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు. వచ్చిన వాళ్ళు కుక్క బాగుందే అంటే, "మేకలు పెంచినయి," అనేవాడు.

బండల చుట్టూ యూనివర్సిటీ గోడ లేచింది. కొత్తగా నాటిన మొక్కల్లో మేకలు మూతి పెట్టాయి. మాటలు వచ్చాయి. తాత ఎవరితోనూ కొట్లాడలేదు. మేకకు మొక్క కనబడితే తింటుంది, మొక్క నాటినవాడికి కోపం వస్తుంది, ఇద్దరిదీ తప్పు లేదు అన్నాడు. ఉప్పల్ అవతల తన తమ్ముడి ఊరికి మందను తోలుకుపోతానన్నాడు. అవ్వ గట్క కుండ నెత్తిన పెట్టుకుంది. నేను అమ్మానాయినలతో ఉండిపోవాలని నిర్ణయమైంది. అప్పటికి నేను ముషీరాబాదులో ఒక అచ్చు దుకాణంలో కాగితాలు మడతపెట్టే పనిలో చేరాను. తాత చెప్పినట్టే, పోయేవాణ్ణి నేనే.

వాళ్ళు బయల్దేరిన పొద్దున తార్నాక రోడ్డు పక్కన నిలబడ్డాను. మంద వచ్చింది. ముందు అవ్వ, తర్వాత మేకలు, నడుమ ముసలిదైపోయి కుంటుతున్న బొల్లి. దాని వెనకే, దాని అడుగుకు అడుగు కలుపుతూ, కుక్క. చివరన తాత.

అది నా ముందు నుంచి పోయింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. నా దిక్కు చూడలేదు. దాని చూపంతా బొల్లి కుంటికాలి మీద ఉంది, పక్కన పోతున్న ఎడ్లబండి చక్రం మీద ఉంది. తాత నా దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం ఆగాడు. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "మంచిగ ఇడిపించినవ్ రా," అన్నాడు. అని, మేకలు దూరమవుతున్నాయని గబగబా నడిచాడు.

నోరు తెరిచి ఒక్క పిలుపు పిలిస్తే అది ఆగేదేమో. ఆగకపోయేదేమో. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రెండింటిలో దేన్ని తట్టుకోలేకపోయేవాణ్ణో తేల్చుకోలేకుండా ఉన్నాను. పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. హబ్సిగూడ దిక్కున రోడ్డు వంపు తిరిగే చోట మేకల దుమ్ము లేచి, కాసేపు ఎండలో వెలిగి, మెల్లగా నేల మీదికి దిగింది.